ఆల్గే గది బయట మేకు

భావనపాడు నుంచి కోటబొమ్మాళికి చేపల గంపలు తెచ్చే ఆడవాళ్లలో అమ్మడంత తక్కువ మాట్లాడే మనిషి లేదు. అత్త దానమ్మ బేరమాడేది, కోడలు చేప కోసేది. మా గుమ్మం మెట్టు మీదే ఆ పని జరిగేది. కత్తిపీట ముందు గొంతుకూచుని ఆమె చెయ్యి ఆడిస్తుంటే ముంజేతులనిండా గాజులు గలగలమనేవి. పొలుసులు ఎగిరి వాటికి అంటుకుని వెండి చెమ్కీల్లా మెరిసేవి. ఆ గాజుల సంగతి ఒకరోజు రాయవలసి వస్తుందని అప్పుడు నాకేం తెలుసు?

తర్వాత అమ్మడు గంప మానేసి తమ ఊరి ఒడ్డునున్న రొయ్యపిల్లల హేచరీలో పనికి కుదిరింది. అయినా సెలవు దొరికినప్పుడల్లా వచ్చేది. నేను బడిలో ఉద్యోగం విరమించాక పుస్తకాలతోనే కాలక్షేపం చేస్తున్నదాన్ని. ఆమె వస్తే పుస్తకం బోర్లా పెట్టి వినేదాన్ని. ఇక్కడ రాసినదాంట్లో చాలావరకు ఆమె చెప్పిందే. కొంత దానమ్మ ఏడుస్తూ చెప్పింది. ఆ గది పని ఎలాంటిదో మాత్రం అరుణశ్రీ చెప్పింది.

అరుణశ్రీ విజయనగరంలో మైక్రోబయాలజీ చదువుకున్న పిల్ల. హేచరీ క్వార్టర్సులో ఉండి, ఆదివారాలు కోటబొమ్మాళి స్టేషనులో బండెక్కి ఇంటికి వెళ్లొచ్చేది. ఆమె చేతికింద ఉండేది ఆల్గే గది. గుడ్డులోంచి వచ్చిన రొయ్యపిల్లలకు మొదటి తిండి కంటికి కనపడని ఒక రకం నాచు, అదే ఆల్గే. దాన్ని గాజు ట్యూబుల్లో, ఉడకబెట్టిన సముద్రపు నీళ్లలో పెంచుతారు. ట్యూబు నుంచి ఫ్లాస్కుకి, ఫ్లాస్కు నుంచి పెద్ద సీసాకి, అక్కణ్ణించి తొట్టెకి. అన్నిటికీ మూలం తల్లి ట్యూబులే. వాటిలో ఒక్క చెడ్డ బాక్టీరియా పడిందంటే అది నాచుకంటే జోరుగా పెరిగి, సీసాలోకీ తొట్టెలోకీ దిగి, ఆఖరికి రొయ్యపిల్లల కడుపులోకి చేరుతుంది. అందుకే సముద్రంలో పుట్టిన ఆ నాచు దగ్గరికి సముద్రాన్ని రానివ్వకుండా కాపలా కాయడమే ఆ గదిలో పనంతా.

అమ్మడు మొదట గది బయట పంపు దగ్గర ఫ్లాస్కులు కడిగేది. ఆమె కడిగిన గాజుమీద నీటి చుక్క నిలిచేది కాదట. అది చూసి అరుణశ్రీ ఆమెను లోపలికి పిలిచి పని నేర్పింది. తలలో పువ్వులుండకూడదు. కాళ్లకి పసుపు ఉండకూడదు. ఉంగరం తియ్యాలి. మోచేతుల దాకా సబ్బుతో రుద్ది స్పిరిట్ రాసుకోవాలి. దీపం ముందు ట్యూబు మూతి కాల్చి, దూది బిరడా చిటికెనవేలి సందున పట్టుకుని, మాట్లాడకుండా, ఊపిరి కూడా దాని మీద పడకుండా ఇందులోంచి అందులోకి మార్చాలి.

"ఓలమ్మో, గుళ్లో పూజారికి కూడా ఇంత మడి నేదు కదమ్మా!" అందట అమ్మడు.

"పూజారి అశుభ్రంగా ముట్టుకుంటే దేవుడికి జబ్బు చెయ్యదు అమ్మడూ. ఇక్కడ చేస్తుంది. అవునూ, గాజులు తీసెయ్యి."

అమ్మడు తియ్యలేదు. కడుగుడు పనికే పోతానని బయటికొచ్చేసింది.

ఎందుకంటే ఎల్లాజీ నీళ్ల మీద ఉన్నాడు. ఎల్లాజీ ఆమె మొగుడు, దానమ్మకి ఒక్కగానొక్క కొడుకు. ఆ తీరంలో చాలామంది మగవాళ్లలాగే వానాకాలంలో గుజరాత్ వెళ్లి, వేరావల్ రేవులో బోటెక్కి, మళ్లీ ఎండలు ముదిరాకే తిరిగొచ్చేవాడు. మగవాడు నీళ్ల మీద ఉన్నన్నాళ్లూ భార్య చేతికి గాజు ఉండాలి. పాతవి పగిలితే కొత్తవి తొడిగాకే మిగిలినవి తియ్యాలి. ఒక్క క్షణమైనా చెయ్యి బోసిపోకూడదు. దానమ్మ తన మొగుడి కాలంలో అలాగే చేసింది. ఆయన ముసలివాడై మంచంలో పోయాడు కాబట్టి ఆ పట్టింపు మీద ఆమెకు నమ్మకం ఇంకా గట్టిపడింది.

కొన్నాళ్లకి ఇద్దరూ ఒక రాజీకి వచ్చారు. గాజులన్నీ పైకి నెట్టి, ఉడికించిన గుడ్డతో బిగించి కట్టి, దానిమీద పొడుగు గ్లౌజు తొడుక్కుని అమ్మడు పని మొదలెట్టింది. ఫ్లాస్కుల్లో నాచు పల్చబడింది. ఎక్కడో తేడా ఉందని అరుణశ్రీకి అర్థమైంది. తిట్టలేదు. జెల్లీలాంటి పదార్థం పోసిన ఒక చిన్న పళ్లెం తెచ్చి, "నీ చేతినున్న ఒక గాజు దీనికి తాకించు" అంది. తాకించి మూతపెట్టి వెచ్చటి పెట్టెలో ఉంచారు. మర్నాడు తీసి చూస్తే జెల్లీ మీద తెలుపు, పసుపు, ఆకుపచ్చ చుక్కలు. గాజు ఎంత గుండ్రంగా ఉందో అంత గుండ్రంగా, దండ గుచ్చినట్టు.

"ఇదంతా నా సేతి మీదేటి!"

"నీ ఒక్కదాని చేతి మీదే కాదు, నా చేతి మీదా ఉంటుంది. నేను కడుక్కోగలను. గాజు కింద నువ్వు కడుక్కోలేవు, అంతే."

"పోనీ ఫ్లాస్కుల్ని ఆ పెద్ద కుక్కర్లో ఉడకబెడతన్నారు కదా, ఇయ్యీ అందులో పడేత్తే?"

"అందులో వెయ్యాలంటే ముందు తియ్యాలి కదా తల్లీ!"

ఇద్దరూ నవ్వుకున్నారట. ఆ మాట చెప్పేటప్పుడు కూడా అమ్మడు నవ్వింది. ఆమె పళ్లు చూసిన సందర్భాలు నాకు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

ఆ మధ్యాహ్నం బోటు రేవుకొచ్చిందని ఎల్లాజీ వీడియో కాల్ చేశాడు. అమ్మడు విషయమంతా చెప్పింది.

"తీసీయే. నీ గాజులు సూసేటి నా వల్లో సేప పడతాది?"

"అత్త ఇంటే సంపేత్తాది."

"అమ్మకి నువ్వు సెప్పకు, నేను సెప్పను. ఐనా నువ్వు నోరిప్పితే గదేటి ఊరికి తెలిసేది? నిన్ను మాటాడించలేక నేను గుజరాత్ పారొచ్చినాను."

"సచ్చినోడా!" అని ఫోను పెట్టేసింది. ఇది నాకు చెప్పినప్పుడు ఆ తిట్టు దగ్గర ఆగి, చాలాసేపు మెట్టు మీద గోటితో గీతలు గీసింది.

అప్పట్నుంచి గది తలుపు పక్కనున్న మేకు ఆమె గాజులదైంది. లోపలికెళ్తూ తీసి తగిలించేది, బయటికొస్తూ తొడుక్కునేది. ఇంటికి చేరేసరికి చేతులు నిండుగా ఉండేవి. ఆ రోజుల్లో ఆమె మొహంలో ఒక తేటదనం ఉండేది. పిల్లలు కలగలేదు. దాని గురించి దానమ్మ అనవలసినవన్నీ అని, విసిగి మానేసింది. చేపల గంప తప్ప వేరే బతుకుంటుందని అమ్మడు ఏనాడూ అనుకోలేదు. ఇప్పుడేమో నా దగ్గర కూచుని ట్యూబు రంగులు చెప్పేది. బాగున్న నాచు లేత టీ డికాషన్ రంగులో ఉంటుందట. కదిపితే పొగలా లేస్తుందట. "తెల్లారి ఎల్లగానే ముందు దాన్నే సూత్తాను పంతులమ్మా. డికాషన్ రంగు అగుపడితే నా కడుపు నిండిపోతాది." ఆ ఏడూ, ఆపై ఏడూ తల్లి ట్యూబులు మసకపట్టలేదు. ఎల్లాజీ వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు.

ఒకరోజు అమ్మడు అన్నం కేరేజీ ఇంట్లో మరిచిపోయింది. దానమ్మ పట్టుకెళ్లింది. గది బయట మేకుకి గాజులు వేలాడుతున్నాయి. ఎర్ర గాజులు, మధ్యలో ఆకుపచ్చవి. అమ్మవారి సంబరంలో తను బేరమాడి కొన్నవే. తలుపుకున్న అద్దంలోంచి చూస్తే లోపల కోడలు దీపం ముందు కూచుని ఉంది, చేతులు బోసిగా. దానమ్మ అద్దం మీద గుద్దింది. అమ్మడి చేతిలో తల్లి ట్యూబు తెరిచి ఉంది. ఆమె తల తిప్పలేదు. మూతి మంటకి చూపించి, దూది పెట్టి, స్టాండులో నిలబెట్టి, అప్పుడు తిరిగింది.

దానమ్మకు అన్నిటికంటే కాలింది అదే.

"పిలిత్తే తిరగనేదు పంతులమ్మా! నా కొడుకు ఏ నీటి మీదున్నాడో, ఏ గాలికి తిరగతన్నాడో. ఇది సేతులు బోసి సేసుకుని నాసుకి నీల్లు పోత్తాది. దానికి నాసు కావాలా, మొగుడు కావాలా, నువ్వే అడుగు!"

నేను అడగలేదు. ఎల్లాజీయే తియ్యమన్నాడని అమ్మడు అత్తతో అంటే, "నా కొడుకు మీద నెడతావేటే" అందట. ఆ సాయంత్రం దానమ్మ ఆమెను ఒడ్డుకి తీసుకుపోయి, కెరటంలో చెయ్యి పెట్టించి, ఇక గాజులు తియ్యనని గంగమ్మ మీద ఒట్టు వేయించుకుంది. మర్నాడు అమ్మడు మళ్లీ పంపు దగ్గర ఫ్లాస్కులు కడగడానికి కూచుంది. తల్లి ట్యూబుల పని అరుణశ్రీయే చూసుకుంది.

ఆ తర్వాత రెండు కబుర్లు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. విజయనగరంలో తల్లికి ఆపరేషనని అరుణశ్రీ హడావిడిగా వెళ్లిపోయింది. అటు పడమటి సముద్రంలో తుపాను లేచింది. బోట్లన్నీ రేవుకి చేరాయి, ఎల్లాజీ ఎక్కిన బోటు తప్ప. ఫోను మోగదు. వైర్‌లెస్ పలకదు.

హేచరీలో తొట్టెలనిండా అప్పుడే గుడ్డు విడిచిన పిల్లలు. తల్లి ట్యూబులు మార్చే సమయం దాటిపోతోంది. మేనేజరు యుగంధర్ అమ్మడిని పిలిచాడు.

"నువ్వే చెయ్యాలి అమ్మడూ. ఇంకెవరికీ చేతకాదు."

"గాజులు తియ్యలేను బాబూ. మా ఆయన కబురు తెలవలేదు."

"తియ్యమని ఎవరన్నారు? గుడ్డ కట్టుకుని చెయ్యి. ఒక్కసారికి ఏమవుతుంది?"

ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. పళ్లెంలోని ఆ చుక్కల దండ అమ్మడి కళ్లలోంచి పోలేదు. అయినా ఆమె గుడ్డ ఉడికించింది. స్పిరిట్‌లో తడిపి గాజుల కిందకీ పైకీ దూర్చి తుడిచింది. చర్మం మండింది. గుడ్డ చుట్టి, దానిమీద ప్లాస్టిక్ చుట్టి, రబ్బరు బేండ్లు వేసి, గ్లౌజు తొడిగింది. తనకు తెలిసిన జాగ్రత్తలన్నీ పడింది. ట్యూబు వంచినప్పుడు గుడ్డ లోపల గాజు గాజుని తాకి టిక్కుమందట. "ఆ సప్పుడు ఇంటే తీసీయాలనిపించింది. తీత్తే ఆయన పోతాడు అనిపించింది. అప్పుడు కూడా ట్యూబు మూతి తెరిసే ఉన్నాది, పంతులమ్మా."

నాచుకి డికాషన్ రంగు రాలేదు. తర్వాత్తర్వాత నీళ్లు గంజిలా అయ్యాయి, అడుగున ముద్దలు కట్టాయి, దూది తీస్తే పుల్లటి వాసన. మార్చిన ట్యూబులన్నీ అంతే. పాతవి అప్పటికే ముదిరి వెలిసిపోయాయి. ఆ నీళ్లే సీసాల్లోకి దిగాయి. తొట్టెల అడుగున రొయ్యపిల్లలు తెల్లగా పేరుకున్నాయి. అరుణశ్రీ వచ్చి ఒక చుక్క జెల్లీ మీద రాసి చూస్తే అన్నీ చెడ్డ బాక్టీరియా పెరిగిన ఆకుపచ్చ చుక్కలే. గదంతా మందు కొట్టి కొన్నాళ్లు మూసేశారు. తను పెంచిన ట్యూబుల్లో బ్లీచింగు నీళ్లు పోసింది అమ్మడే. ఎవరూ పొయ్యమనలేదు. తనే అడిగి పోసింది.

ఆ వారంలోనే బోటు దొరికింది. తిరగబడి ఉంది. కొందరి శవాలు దొరికాయి. ఎల్లాజీది దొరకలేదు.

ఇక అక్కణ్ణించి ఆ ఇంట్లో జరిగింది చూడలేక నేను భావనపాడు వెళ్లడం తగ్గించాను. మిగతా కుటుంబాల వాళ్లు కర్మలు చేసేశారు. దానమ్మ ఒప్పుకోలేదు. సముద్రంలో సరిహద్దు దాటి కొట్టుకుపోయి, అవతలి దేశం జైల్లో పడి, ఏళ్ల తర్వాత తిరిగొచ్చినవాళ్లు ఆ తీరంలో ఉన్నారు. ఆమె వాళ్ల పేర్లు చెప్పేది. "శవం సూపించండి, అప్పుడు నా కొడుకు పోనాడని ఒప్పుకుంతాను. అందాకా నా కోడలి సేతికి గాజుంతాది." ఫ్లాస్కులు కడుగుతుంటే గాజు చిట్లితే, పొద్దు గూకేలోగా ఎక్కడినుంచో కొత్తది తెచ్చి తొడిగేది. సాయంత్రం అమ్మడు ఇంటికి రాగానే దానమ్మ చూపు ముందు మొహం మీద కాదు, చేతుల మీద పడేది.

ఒక ఆదివారం అమ్మడు మా మెట్టు మీద కూచుని అంది: "తీసిన రోజుల్లో ఆయనకేటీ అవనేదు పంతులమ్మా. తియ్యని రోజుల్లోనే పోనాడు. తీసుంటే ట్యూబులైనా మిగులును. ఇది ఎవులికి సెప్పుకోను? అత్తకి సెప్తే ఆవిడ బతకదు. నాకు నేను సెప్పుకుంటే నేను బతకనేను."

మంచినీళ్లు తెచ్చిచ్చాను. తాగి వెళ్లిపోయింది.

ఏడాది తిరిగింది. అన్నాళ్లూ పక్క హేచరీల నుంచి సీసాల్లో అరువు తెచ్చిన నాచుతో గది నడిచింది. అరుణశ్రీ వేరే రాష్ట్రంలోని ఒక సంస్థ నుంచి కొత్త తల్లి ట్యూబులు తెప్పించింది. అప్పటికే ఆమెకి ఇంకోచోట ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోవాలి. ట్యూబులు చూసుకునే మనిషి లేకపోతే ఆల్గే గది మూసేసి బయటినుంచి డబ్బా మేత కొంటామని యుగంధర్ చెప్పేశాడు. గది లేకపోతే కడగడానికి ఫ్లాస్కులూ ఉండవు. దానమ్మకి మోకాళ్లు పోయాయి, గంప మొయ్యలేదు.

"నిన్ను బలవంతం చెయ్యను అమ్మడూ" అంది అరుణశ్రీ. "కట్టుకుని చెయ్యడం మాత్రం ఇక వద్దు. అది నువ్వూ చూశావు, నేనూ చూశాను."

అమ్మడు పంపు దగ్గరికెళ్లి సబ్బు రాసుకుంది. గాజులు వదులయ్యాయి, మనిషి అంత చిక్కిపోయింది. ఒక్కొక్కటీ తీసి మేకుకి తగిలించింది. కొత్తగా తొడిగిన ఒక్క గాజు ఎముక దగ్గర పట్టేస్తే, ఇంకాస్త సబ్బు పోసి లాగింది. లోపలికెళ్లి దీపం వెలిగించింది. ఏడాది తర్వాత కూడా చిటికెనవేలు దూది బిరడా కోసం తనంతట తనే వంగిందట. అరుణశ్రీ వెనక నిలబడి చూసి, దిద్దవలసిందేమీ లేక బయటికొచ్చేసింది.

సాయంత్రం పని ముగిసింది. అమ్మడు తలుపు మూసి మేకు దగ్గర ఆగింది. గాజులు వేలాడుతున్నాయి. తొడుక్కుంటే ఇంట్లో రోజూలాగే ఉంటుంది. మర్నాడు మళ్లీ తియ్యచ్చు, మళ్లీ తొడగచ్చు. ఒకప్పుడు అలా చేసిందే కదా.

"బతుకు కోసం తీసినానని ఊళ్లో అనుకుంతారు" అని తర్వాత నాతో అంది. "లోపలికెల్లినప్పుడు బతుకు కోసమే తీసినాను. బయటికొచ్చాక తొడగనేదు సూడు, అది మాత్రం కాదు. అప్పుడు తీసినప్పుడు ఆయనున్నాడు, మల్లీ తొడుక్కున్నాను. ఇప్పుడు ఎవులికోసం తొడగాలి? ఆ మేకు కాడ నిలబడితే ఆయన నేడని నా సేతులకి ముందు తెలిసింది, పంతులమ్మా."

ఒడ్డు వెంట, బోట్ల మధ్యనుంచి నడిచి వెళ్లింది. వలలు బాగుచేసుకునేవాళ్లు చూశారు.

దానమ్మ గుమ్మంలో కూచుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎప్పట్లాగే ముందు చేతులు చూసింది. చాట పక్కన పెట్టింది. అమ్మడు తిట్ల కోసం, దెబ్బల కోసం నిలబడింది. దానమ్మ గోడ పట్టుకుని లేచి, పెరట్లోకి వెళ్లి, రెండు బిందెలు నీళ్లు తోడింది. చావు కబురు విన్నప్పుడు తలమీద పోసుకునే నీళ్లు అవి. అమ్మడు కట్టుచీరతోనే వెళ్లి రాయి మీద కూచుంది.

"తలొంచు" అంది దానమ్మ.

కోడలి తల మీద ఒక బిందె పోసి, రెండోది తన నెత్తి మీదికి ఎత్తుకోబోయింది. చేతకాలేదు. అమ్మడు లేచి, బోసి చేతులతో ఆ బిందె అందుకుంది.